పానగల్లు రాజావారు – ప్రత్యేక స్థానాల కథ

స్వర్ణముఖీ నది శ్రీకాళహస్తి ఆలయపు గోడలను ఒరసికొని తూర్పుగా సాగి, నాయుడుపేట మీదుగా కోట, వాకాడు ప్రాంతాల పొలాలను తడిపి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నది చివర ఉన్న కోట ప్రజలు ఓటు వేసేది గూడూరు శాసనసభా నియోజకవర్గంలో. అది నేడు షెడ్యూల్డు కులాలకు ప్రత్యేకించిన స్థానం. అక్కడ అభ్యర్థులుగా నిలువదగినవారు ఆ కులాలవారు మాత్రమే. ఓటు వేసేవారు అన్ని కులాలవారు, అన్ని మతాలవారు. ఎన్నికలనాడు పోలింగు అధికారులుగా కూర్చునే మన ఉపాధ్యాయులకు ఇది అలవాటైన సంగతే. కాని అందరూ కలిసి ఓటు వేసి ఒక వర్గం వారిని శాసనసభకు పంపే ఈ ఏర్పాటు ఎక్కడ మొదలైనదని విద్యార్థి అడిగితే, సమాధానం కోసం నూరు సంవత్సరాలకు పైగా వెనుకకు పోవలసి ఉంటుంది. అలా పోయినప్పుడు అదే నది ఎగువన, కాళహస్తిలో పుట్టిన ఒక తెలుగువాని జీవితం మనకు ఎదురవుతుంది. ఆయన పానగంటి రామరాయణింగారు. లోకం ఆయనను పానగల్లు రాజా అని పిలిచింది.

రామరాయణింగారు 1866 జూలై 9వ తేదీన శ్రీకాళహస్తిలో ఒక పద్మనాయక వెలమ కుటుంబంలో జన్మించారు. ఆనాడు కాళహస్తి ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిది; చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. ఆయన చదువుకోసం మద్రాసుకు వెళ్ళారు. తిరువల్లిక్కేణి ఉన్నత పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, సంస్కృతం ముఖ్యవిషయంగా 1893లో పట్టభద్రులైనారు. కొందరు జమీందారీ బిడ్డలకు చదువు ఒక ఆభరణం. రామరాయణింగారికి అది పనిముట్టు అయినది. సంస్కృత భాషయందు, ఆయుర్వేదమందు ఆయనకున్న ఆదరం జీవితాంతం నిలిచింది. తరువాతి కాలంలో బ్రాహ్మణేతరోద్యమానికి నాయకుడైన ఈయన సంస్కృత పండితుడన్న సంగతిని, ఆయనను గురించి తొందరపడి తీర్పు చెప్పేవారు మరచిపోతూ ఉంటారు.

చదువు ముగిసిన తరువాత ఆయన ఉత్తర ఆర్కాడు జిల్లాబోర్డులో సభ్యులై ప్రజావ్యవహారాలలో అడుగుపెట్టారు. 1912లో భూస్వాముల పక్షాన వైస్రాయిగారి ఇంపీరియల్ శాసనసభకు ఎన్నికై 1915 వరకు సభ్యులుగా ఉన్నారు. ఆ 1915లోనే విశాఖపట్నంలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1913లో బాపట్లలో మొదలైన ఆ మహాసభ, తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరికకు తొలి వేదిక. కనుక 1915 నాటికి ఆయన పేరు కులపరమైన రాజకీయంతో ముడిపడి లేదు. ఆంధ్రోద్యమంలో గౌరవస్థానంలో ఉన్న విద్యావంతుడైన జమీందారుగానే జనం ఆయనను ఎరుగుదురు. ఆయన దారి మళ్ళినది 1916లో. దానికి నాటి ఎన్నికలు ఒక ముఖ్యకారణం.

నాటి ఎన్నికల పద్ధతిని కొంచెం తెలిసికొనడం అవసరం. 1909 నాటి మింటో–మార్లే సంస్కరణల ప్రకారం సామాన్య ప్రజలకు శాసనసభ్యులను నేరుగా ఎన్నుకొనే హక్కు లేదు. పురపాలక సంఘాలు, జిల్లాబోర్డులు, భూస్వాములు, విశ్వవిద్యాలయం వంటి చిన్న చిన్న సముదాయాలు తమ ప్రతినిధులను పంపేవి. ఓటర్లు కొద్దిమంది, ఆ కొద్దిమందిని కలిసికొని ఒప్పించగల నేర్పు న్యాయవాదులలో ఎక్కువ. మద్రాసు రాజధానిలో బ్రాహ్మణులు జనాభాలో నూటికి సుమారు ముగ్గురే అయినా, ఆంగ్లవిద్యలోను న్యాయవాద వృత్తిలోను ఉద్యోగాలలోను వారి పాలు చాలా పెద్దది. 1916లో ఇంపీరియల్ శాసనసభకు జరిగిన ఎన్నికలలో డాక్టర్ టి. ఎం. నాయరు, వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారి చేతిలో ఓడిపోయారు. భూస్వాముల స్థానానికి నిలిచిన రామరాయణింగారు కె. వి. రంగస్వామి అయ్యంగారి చేతిలో ఓడిపోయారు. స్థానిక ఎన్నికలలో పిట్టి త్యాగరాయ సెట్టిగారికి, కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారికి కూడ అదే అనుభవం ఎదురైనది.

ఓడిపోయిన ప్రతివాడూ ఎన్నికల పద్ధతిని నిందించడం లోకసహజం. ఇక్కడ మరొక చిక్కు కూడ ఉన్నది. రామరాయణింగారు ఓడినది విశ్వవిద్యాలయ స్థానంలో కాదు, తమవంటి భూస్వాములే ఓటర్లుగా ఉన్న స్థానంలో. తన వర్గంవారే తనకు ఓటు వేయకపోతే పద్ధతిది తప్పనడం ఎట్లా? ఈ ప్రశ్నను నాటి విమర్శకులు వేశారు. అయితే ఆయనా ఆయన సహచరులూ దానినుండి వేరొక పాఠం తీసికొన్నారు. సంఖ్యాబలం ఉన్నంతమాత్రాన అది దానంతటది సభలో స్థానంగా మారదు. పరపతి, సంఘటన, మాటనేర్పు గలవారి చేతిలో అల్పసంఖ్య కూడ అధికసంఖ్యను గెలువగలదు. కనుక నియమంలోనే కొంత రక్షణ ఉండాలని వారి వాదం. 1916 నవంబరులో మద్రాసులో వారు సమావేశమై దక్షిణ భారత ఉదారసంఘాన్ని స్థాపించారు. మరుసటి సంవత్సరం వెలువడిన ‘జస్టిస్’ పత్రిక పేరుమీదుగా దానికి జస్టిస్ పార్టీ అన్న పేరు స్థిరపడినది.

1917 ఆగస్టులో ఇండియా మంత్రి మాంటేగు, భారతదేశంలో క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వాన్ని ఏర్పరుస్తామని ప్రకటించాడు. దానితో రాష్ట్ర శాసనసభకు ఎవరు, ఏ పద్ధతిలో ఎన్నిక కావాలన్నది పుస్తకచర్చగా ఉండక అధికారానికి సంబంధించిన ప్రశ్న అయిపోయినది. జస్టిస్ పార్టీవారు కోరినది ప్రత్యేక నియోజకవర్గాలు. అంటే బ్రాహ్మణేతరుల ప్రతినిధులను బ్రాహ్మణేతర ఓటర్లే వేరుగా ఎన్నుకొనడం. ముస్లిములకు 1909లోనే అటువంటి ఏర్పాటు జరిగినది. ఓటు హక్కును నిర్ణయించడానికి 1918–19లో దేశంలో పర్యటించిన సౌత్‌బరో సంఘాన్ని, అందులోని భారతీయ సభ్యులు తమకు న్యాయం చేయరన్న అనుమానంతో, జస్టిస్ పార్టీ బహిష్కరించినది. ఆ సంఘం వారి కోరికను నిరాకరించినది. జనాభాలో అత్యధిక సంఖ్య గలవారికి అల్పసంఖ్యాకుల నుండి రక్షణ ఏమిటన్నది ఎదుటి పక్షం వారి వాదం. తర్కదృష్టితో చూస్తే అది బలమైన వాదమే. దానికి ప్రతివాదం చెప్పడానికి జస్టిస్ నాయకులు సముద్రం దాటవలసి వచ్చింది.

1919లో బ్రిటిష్ పార్లమెంటు ఉభయసభల సంయుక్తసంఘం లండనులో సాక్ష్యాలు వినడం మొదలుపెట్టినది. వెంకటరెడ్డి నాయుడుగారు, కోకా అప్పారావు నాయుడుగారు, ఆర్కాటు రామస్వామి మొదలియారుగారు మొదలైనవారు పార్టీ పక్షాన వెళ్ళారు. రామరాయణింగారు అఖిలభారత భూస్వాముల సంఘానికీ, మద్రాసు జమీందారుల సంఘానికీ ప్రతినిధిగా వెళ్ళారు. ఉద్యమానికి గొంతుక అయిన డాక్టర్ నాయరు అప్పటికే అక్కడ వ్యాధిగ్రస్తులై ఉన్నారు. సాక్ష్యం ఇవ్వకముందే 1919 జూలై 17న లండనులో కన్నుమూశారు. పరదేశంలో నాయకుణ్ణి పోగొట్టుకొన్న ఆ బృందంలో ముందు నిలిచి వ్యవహారం నడిపినవారిలో రామరాయణింగారు ఒకరు. సంయుక్తసంఘం చివరకు మధ్యేమార్గాన్ని చూపినది: ప్రత్యేక నియోజకవర్గాలు వద్దు, అందరికీ ఉమ్మడి నియోజకవర్గాలే ఉండాలి, కాని వాటిలో కొన్ని స్థానాలు బ్రాహ్మణేతరులకు ప్రత్యేకింపబడాలి.

ఎన్ని స్థానాలన్నదానిపై మద్రాసులో రాజీ కుదరలేదు. జనసంఖ్యకు తగిన పాలు కావాలని జస్టిస్ పక్షం, అంత కూడదని ఎదుటి పక్షం పట్టుపట్టాయి. తుదకు మధ్యవర్తిగా వచ్చిన లార్డ్ మెస్టన్ 1920లో తీర్పు చెప్పాడు: 28 స్థానాలు బ్రాహ్మణేతరులకు. కోరినదానితో పోలిస్తే అది చాలా తక్కువ. పార్టీ అసంతృప్తి చెందినా ఆ తీర్పుతోనే ఎన్నికలకు పోవలసి వచ్చింది.

ఈ ప్రత్యేకింపు ఎట్లా పనిచేస్తుందో ఒక చిన్న లెక్కతో చెప్పుకొందాము. ఒక నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు, అందులో ఒక స్థానం ప్రత్యేకమైనది అనుకొందాము. అభ్యర్థులందరి పేర్లూ ఒకే పట్టికలో ఉంటాయి. ఓటర్లందరూ కలిసే ఓటు వేస్తారు. లెక్కింపు అయిన తరువాత, ఏ వర్గానికి స్థానం ప్రత్యేకించారో ఆ వర్గపు అభ్యర్థులలో అందరికన్న ఎక్కువ ఓట్లు వచ్చినవానికి ముందుగా ఆ స్థానం ఇస్తారు. మిగిలిన స్థానం, తక్కిన అభ్యర్థులందరిలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారిది. అక్కడ వర్గవిచారణ లేదు. కాబట్టి ప్రత్యేకింపు అనేది ఇంతకు తగ్గకూడదన్న హద్దేగాని, ఇంతకు మించకూడదన్న హద్దు కాదు. పైగా, ప్రత్యేకస్థానానికి నిలిచినవాడు తన వర్గాన్ని మాత్రమే సంతోషపెట్టి గెలువలేడు. అందరి గడపా ఎక్కవలసినదే. ప్రత్యేక నియోజకవర్గానికీ ప్రత్యేక స్థానానికీ ఉన్న భేదం ఇదే. ఈ భేదాన్ని విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకొంటే తరువాతి చరిత్ర చాలవరకు అర్థమవుతుంది.

1920 నవంబరు చివర మద్రాసు శాసనసభకు ఎన్నికలు మొదలైనాయి. సభలో ఎన్నికయ్యే స్థానాలు 98. ప్రభుత్వం నియమించే స్థానాలు 29. రాజధాని జనాభా నాలుగు కోట్లకు పైబడి ఉండగా ఓటర్లు 12,48,156 మంది మాత్రమే. కొంత శిస్తుగల భూమి ఉన్నవారికీ, పట్టణాలలో కొంత పన్ను కట్టేవారికీ తప్ప ఇతరులకు ఓటు లేదు. గాంధీజీ సహాయనిరాకరణ పిలుపుతో కాంగ్రెసు ఎన్నికలను బహిష్కరించినది. ఓటు వేసినవారు నూటికి 25 మందికి మించలేదు. జస్టిస్ పార్టీకి 63 స్థానాలు లభించాయి. అన్నిటికన్న విశేషం ఏమంటే, ప్రత్యేకించిన 28 స్థానాలకన్న ఎంతో ఎక్కువ సంఖ్యలో బ్రాహ్మణేతరులు ఎన్నికైనారు. ప్రత్యేకింపు లేకపోయినా ఆ స్థానాలు వారికి దక్కి ఉండేవి. ఏ రక్షణకోసం నాలుగు సంవత్సరాలు పోరాడి, సముద్రాలు దాటి వెళ్ళారో, ఆ రక్షణ అవసరమే లేకపోయినది.

దీనికి కారణం ఓటు హక్కు స్వభావంలోనే ఉన్నది. పాత పద్ధతిలో ఓటు కొద్దిమంది చేతిలో ఉండి, విద్యావంతుల పలుకుబడికి లోబడినది. కొత్త పద్ధతిలో ఓటుకు ఆధారం భూమి. పల్లెలలో భూమి ఎక్కువగా రెడ్లు, కమ్మవారు, వెలమలు, కాపులు, తమిళదేశంలో వెల్లాలులు మొదలైనవారిది. ఓటర్ల పట్టికలో వారి పేర్లే నిండిపోయినప్పుడు సభలో వారే నిండడం సహజం. కాంగ్రెసు దూరంగా ఉండడం కూడ తోడ్పడినదనుకొన్నా, కాంగ్రెసువారైన స్వరాజ్యపక్షం పోటీచేసిన తరువాతి ఎన్నికలలోను ప్రత్యేకస్థానాల సంఖ్యను మించే బ్రాహ్మణేతరులు గెలుస్తూ వచ్చారు. ఒక సభ స్వరూపాన్ని నిర్ణయించడంలో స్థానాల పంపకంకన్న ఓటు ఎవరికి ఇచ్చారన్నదే పెద్ద సంగతి అని ఈ అనుభవం చెబుతున్నది.

గవర్నరు లార్డ్ విల్లింగ్డన్ మంత్రివర్గాన్ని ఏర్పరచమని త్యాగరాయ సెట్టిగారిని కోరగా వారు నిరాకరించారు. ఎ. సుబ్బరాయలు రెడ్డియారు మొదటి మంత్రి అయినారు. రామరాయణింగారు స్థానిక స్వపరిపాలనశాఖ మంత్రి. ఆరోగ్యం చెడి సుబ్బరాయలు రెడ్డియారు తొలగగా, 1921 జూలై 11న రామరాయణింగారు ముఖ్యమంత్రి స్థానానికి వచ్చి 1926 డిసెంబరు వరకు ఉన్నారు. పానగల్లు రాజా అన్న బిరుదు ఈ కాలంలో వచ్చినదే. నాటిది ద్వంద్వ ప్రభుత్వం: ఆర్థికము, శాంతిభద్రతలు వంటి పెద్ద శాఖలు గవర్నరుగారి కార్యనిర్వాహకమండలి చేతిలో ఉండేవి, విద్య, ఆరోగ్యం, స్థానిక పరిపాలన వంటివి మంత్రులకు వదిలారు.

ఆ మొదటి సభ చేసిన ఒక పని ఎన్నికల చరిత్రలో ఎన్నటికీ చెప్పుకోదగినది. స్త్రీలకు ఓటు ఇవ్వాలా వద్దా అన్నదాన్ని బ్రిటిష్ పార్లమెంటు తాను తేల్చక ఆయా రాష్ట్ర శాసనసభల తీర్మానానికి వదలిపెట్టినది. మద్రాసు శాసనసభ 1921 ఏప్రిల్ 1న తీర్మానించి స్త్రీ అన్న కారణంచేత ఓటు లేకుండా చేసే నిబంధనను తొలగించినది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలలో ఈ పనికి మొదట పూనుకొన్నది మద్రాసే. ఆస్తి నిబంధన అట్లాగే ఉన్నందున ఓటు దక్కిన స్త్రీలు కొద్దిమందే. అయినా తలుపు తెరచుకొన్నది. 1926లో స్త్రీలు సభ్యులుగా నిలువడానికి కూడ అనుమతి లభించింది. ఆ సంవత్సరం మంగుళూరులో కమలాదేవీ చటోపాధ్యాయ పోటీచేసి స్వల్పతేడాతో ఓడిపోయారు. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి సభకు నియమితులై ఉపాధ్యక్షులైనారు.

పానగల్లు రాజా పరిపాలనలో ఇతర కార్యాలూ ఉన్నవి. ప్రభుత్వోద్యోగాలలో వివిధ వర్గాలకు పాలు కల్పించే ఉత్తర్వు 1921లో వెలువడినది. దేవాలయాల ఆస్తిపాస్తులను ప్రభుత్వ పర్యవేక్షణలోనికి తెచ్చే హిందూ దేవాదాయ ధర్మాదాయ బిల్లును 1922లో ప్రవేశపెట్టారు. ఎంతో వాదోపవాదం తరువాత అది చట్టమైనది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చట్టం వచ్చింది. 1915లో విశాఖలో ఆంధ్ర మహాసభకు అధ్యక్షులైనవారి హయాంలోనే తెలుగువారికి విశ్వవిద్యాలయం రావడం సముచితంగా ఉన్నది.

ఈ పాలనకు విమర్శ తక్కువేమీ కాదు. తాలూకా బోర్డులకు, జిల్లాబోర్డులకు సభ్యులను నియమించే అధికారం మంత్రిగా ఆయన చేతిలో ఉండేది. ఆ అధికారాన్ని పార్టీకి బలం కూర్చుకొనడానికి వాడినారన్న నింద వచ్చింది. సభలో ప్రాతినిధ్యం కావాలని అడిగినవారు బోర్డులలో నియామకాన్ని ఆయుధం చేసికొనడం విపరీతంగానే కనిపిస్తుంది. మొదటి మంత్రివర్గంలో సుబ్బరాయలు రెడ్డియారు తప్పుకొన్న తరువాత ముగ్గురు మంత్రులూ తెలుగుప్రాంతాలవారు కావడంతో తమిళ సభ్యులకు కష్టం తోచినది. 1923లో ఒక తమిళ మంత్రికి చోటు కల్పించవలసి వచ్చింది. ఆ సంవత్సరం ఎన్నికలలో పార్టీ బలం తగ్గగానే కట్టమంచి రామలింగారెడ్డిగారు బయటకు వచ్చి ఎదుటి పక్షాన్ని నడిపించారు. తెలుగు సాహిత్యవిమర్శకు కొత్త దారి చూపిన ఆ కట్టమంచివారే 1923 నవంబరు 27న మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానాన్ని పెట్టారు. 65 ఓట్లకు 44 ఓట్లతో తీర్మానం వీగిపోయినది. సభలో నియమిత సభ్యులకు కూడ ఓటున్నదన్న విషయాన్ని ఆ లెక్క చూచేటప్పుడు మరువరాదు. మూడేండ్ల తరువాత పానగల్లు ప్రభుత్వం చట్టం చేసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి ఉపాధ్యక్షులైనవారు ఆ రామలింగారెడ్డిగారే.

అన్నిటికన్న లోతైన విమర్శ మరొకటి ఉన్నది. బ్రాహ్మణేతరులలో భూమి ఉన్నవారికి ఓటూ వచ్చింది, స్థానమూ వచ్చింది. భూమిలేని మాల మాదిగలకు, పరయ పల్లరులకు ఏమి వచ్చింది? వారికి ఎన్నికయ్యే స్థానాలు ఒక్కటీ ప్రత్యేకింపబడలేదు. నియామకం ద్వారా మాత్రం కొద్దిమంది సభలో కూర్చున్నారు. ఓటర్ల దగ్గరకు పోయి గెలిచినవానికీ, గవర్నరు ఉత్తర్వుతో వచ్చినవానికీ సభలో ఉండే బలం ఒకటి కాదు. ఆ నియమితులలో మొదటివారైన ఎం. సి. రాజాగారు జస్టిస్ పార్టీతో కలిసి పనిచేశారు. పంచములు, పరయలు అన్న పేర్లను తొలగించి ఆది ఆంధ్రులు, ఆది ద్రావిడులు అని వ్యవహరించాలన్న తీర్మానం 1922లో సభ ఆమోదం పొందడానికి వారు కారణభూతులు. కాని 1921లో మద్రాసు బకింగ్‌హాం కర్ణాటక్ మిల్లుల సమ్మెలో కార్మికులు కులాలవారీగా చీలిపోయినప్పుడు కొందరు జస్టిస్ నాయకులు ఆది ద్రావిడులపై నింద మోపారు. రాజాగారి మనస్సు విరిగినది. 1923లో వారు పార్టీని విడిచిపెట్టారు. ఒక వర్గం తనకు జరిగిన అన్యాయాన్ని చక్కగా చెప్పగలిగినా, తనకన్న కింద ఉన్నవాని అన్యాయాన్ని చూడలేకపోవచ్చును. పానగల్లు రాజావారి రాజకీయ జీవితంలో ఇది తీరని వెలితి.

1926 ఎన్నికలలో స్వరాజ్యపక్షానికి 41 స్థానాలు, జస్టిస్ పార్టీకి 21 స్థానాలు వచ్చాయి. స్వరాజ్యపక్షం పదవులు స్వీకరించడానికి ఇష్టపడలేదు. చాలినంత బలం లేదని పానగల్లు రాజా కూడ మంత్రివర్గం ఏర్పరచలేదు. స్వతంత్రుడైన డాక్టర్ సుబ్బరాయన్ ముఖ్యమంత్రి అయినారు. పానగల్లు రాజా పార్టీ నాయకులుగా కొనసాగి, 1928 డిసెంబరు 16న పరమపదించారు. మద్రాసు త్యాగరాయనగరంలో ఆయన పేర వెలసిన పార్కు నేటికీ ఉన్నది.

ఆయన పోయిన తరువాత ప్రత్యేకింపు పద్ధతికి కొత్త ప్రాణం వచ్చింది. ఎవరికోసం అది ఏర్పడినదో వారికి అనవసరమని తేలిపోవడంతో, 1935 నాటి ఇండియా చట్టం మద్రాసులో బ్రాహ్మణేతర స్థానాలను విడిచిపెట్టినది. కాని ఈలోగా ఆ సాధనం మరొకరి చేతికి అందినది. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన మతవర్గ నిర్ణయం అస్పృశ్యులకు ప్రత్యేక నియోజకవర్గాలను ఇచ్చింది. గాంధీజీ ఎరవాడ జైలులో నిరాహారదీక్ష పూనారు. సెప్టెంబరు 24న పూనాలో గాంధీజీ పక్షంవారికీ అంబేద్కరుగారికీ ఒడంబడిక కుదిరినది. ప్రత్యేక నియోజకవర్గాలకు బదులు ఉమ్మడి నియోజకవర్గాలు. వాటిలో ప్రత్యేక స్థానాలు. మద్రాసుకు 30 స్థానాలు. దానికి ముందు కొన్ని నెలలనాడు ఇదే మార్గాన్ని సమర్థించి డాక్టర్ మూంజేతో ఒప్పందం చేసికొన్నవారు మన ఎం. సి. రాజాగారే. 1920లో మద్రాసులోని బలవంతులకోసం వాడిన అచ్చే పన్నెండేండ్ల తరువాత దేశంలోని బలహీనులకోసం వాడబడినది.

స్వతంత్ర భారతంలో వయోజనులందరికీ ఓటు వచ్చింది, ప్రత్యేకస్థానాలు నిలిచాయి. 1952లో మద్రాసు శాసనసభకు 375 స్థానాలు, 309 నియోజకవర్గాలు. అందులో 66 నియోజకవర్గాలు ఇద్దరేసి సభ్యులను ఎన్నుకొనేవి. వాటిలో ఒక స్థానం షెడ్యూల్డు కులాలకో తెగలకో చెందినది. లెక్కింపు పద్ధతి పైన చెప్పుకొన్నదే. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో దానికి గొప్ప పరీక్ష వచ్చింది. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం షెడ్యూల్డు తెగలది. అంతకుముందు కేంద్రమంత్రిగా పనిచేసి తరువాత రాష్ట్రపతి అయిన వి. వి. గిరిగారు సామాన్యస్థానానికి అభ్యర్థి. ఓట్లు లెక్కించగా మొదటి రెండు స్థానాలలోను గిరిజన అభ్యర్థులే నిలిచారు. ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ప్రత్యేకస్థానం ఇచ్చి, రెండవవారైన డిప్పల సూరిదొరగారికి సామాన్యస్థానం ఇచ్చారు. గిరిగారు 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు. వివాదం సుప్రీంకోర్టు దాకా పోయినది. ప్రత్యేకస్థానం కలిగినంతమాత్రాన ఆ వర్గం వానికి సామాన్యస్థానం నిషిద్ధం కాదని 1959లో న్యాయస్థానం తేల్చినది.

ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు మరీ పెద్దవి కావడం, వాటిలో ప్రచారం కష్టమన్న ఫిర్యాదులు, పార్వతీపురం వంటి ఫలితాలు – ఇవన్నీ కలిసి 1961లో ఆ పద్ధతిని రద్దుచేయించాయి. నాటినుండి ప్రత్యేకస్థానం అంటే పూర్తిగా ఒక నియోజకవర్గమే. దీనితో లెక్క సులువైనది. కాని ఒకే పట్టికలో అన్ని వర్గాల అభ్యర్థులు నిలిచి, ఒకే ఓటరు ముందు తమ అర్హతను చెప్పుకొనే అవకాశం పోయినది. సామాన్యస్థానాలలో పోటీచేసే హక్కు షెడ్యూల్డు కులాలవారికి చట్టరీత్యా ఉన్నా, పార్టీలు అటువంటి చోట వారిని నిలబెట్టడం అరుదు. తగ్గకూడదన్న హద్దు ఆచరణలో మించకూడదన్న హద్దుగా మారుతున్నదా అన్న ప్రశ్న నేటి ఓటరుదీ, నేటి పార్టీలదీ.

పానగల్లు రాజావారి జీవితాన్ని కేవలం ఒక కులోద్యమనాయకుని చరిత్రగా చదివితే సగమే చదివినట్లు. ఆయన అడిగినది దొరకలేదు. దొరికినది ఆయనకు అక్కరకు రాలేదు. అక్కరకు రానిదే తరువాతివారికి ఆధారమైనది. ఎన్నికల నియమాలను రచించేవారు తమ నాటి భయాలకు మందుగా వాటిని రచిస్తారు. ఆ భయాలు చల్లారిన తరువాత కూడ నియమాలు ఉంటాయి. ఏ నియమం ఎవరికోసం పుట్టినది, నేడు ఎవరికి ఉపకరిస్తున్నది, దానివల్ల ఇంకా సభకు అందనివారు ఎవరు అన్న మూడు ప్రశ్నలను ప్రతి తరం మళ్ళీ వేసికొనవలసి ఉంటుంది. పౌరశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు పార్వతీపురం లెక్కను ఒకసారి నల్లబల్లపై వేసి చూపితే, ఆ ప్రశ్నలను పిల్లలు తామే అడుగుతారు.